లక్ష రూపాయల లాప్‌టాప్ మంచిదే, కానీ ఎవరికి?

ఈ సంవత్సరం మా అక్కకు మెకానికల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది నేనే. కాలేజీ అంటే లాప్‌టాప్ కొనాలి, కొంటే మ్యాక్‌బుక్ ఎయిరే కొనాలి అని నేను ముందే అనేసుకున్నాను. పూణెలో మా బావ దగ్గర దాన్ని చూసినప్పటి నుంచి నా మనసు దానిమీదే ఉంది.

అమ్మ ధర అడిగింది. "లక్ష" అన్నాను. బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది. "గంత పైసలు పెడితే గది ఏం పని చేస్తది బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకని అక్కా నేనూ ఆదివారం దుకాణానికి పోయి చూసొచ్చాం.

మేము చూసింది 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్. విడుదలప్పటి ధర 99,900 రూపాయలు. కాలేజీ విద్యార్థులకు అప్పుడు 89,900. బరువు 1.24 కిలోలు మాత్రమే. లోపల ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడే ఉండదు. ఒకసారి చార్జ్ చేస్తే 18 గంటల వరకు వీడియో చూడొచ్చని కంపెనీ చెబుతుంది. తెర మీద అక్షరాలు అచ్చు వేసినట్టు కనిపిస్తాయి. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు అందులోనే ఉన్నాయి. అయితే అవి విండోస్‌లో కూడా ఉన్నాయి, దానికోసం లక్ష పెట్టనక్కరలేదు.

ఇక లోపాలు. ర్యామ్ 16 జీబీ ఇస్తారు, అది చాలినంతే. కానీ దాన్ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేము. నిల్వ 256 జీబీ. అందులోనే 512 కావాలంటే విడుదలప్పటి ధర 1,19,900. మన మామూలు పెన్‌డ్రైవ్ పెట్టడానికి చోటు లేదు, వేరే అడాప్టర్ కొనాలి.

అసలు చిక్కు వేరే ఉంది. అక్క సీనియర్లను అడిగితే, డిజైన్ పాఠాలకు సాలిడ్‌వర్క్స్ వాడతామన్నారు. అది విండోస్ కోసం తయారైంది, మ్యాక్‌లో నేరుగా నడవదు. ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉంది గానీ, విండోస్‌లో ఉన్నవన్నీ అందులో లేవు. అంటే లక్ష పోసి కొన్న తర్వాత కూడా అక్క కాలేజీ ల్యాబ్ తలుపు దగ్గరే నిలబడాలి!

తర్వాత సుమారు 55 వేల విండోస్ లాప్‌టాప్ ఒకటి చూశాం. దాన్ని పొగడడానికి ఎక్కువేమీ లేదు. ఒళ్లంతా ప్లాస్టిక్, బరువెక్కువ, ఫ్యాన్ గుయ్యిమంటుంది, బ్యాటరీ సగం రోజు కూడా రాదు. కానీ 16 జీబీ ర్యామ్, 512 జీబీ నిల్వ ఉన్నాయి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు. అక్క చదువుకు కావలసిన సాఫ్ట్‌వేర్ నడుస్తుంది.

రాత్రి నోట్‌బుక్‌లో లెక్క వేశాను. విద్యార్థి ధరతో చూసినా తేడా సుమారు 35 వేలు. బీడీలకు రోజు కూలీ రెండు వందల చొప్పున వేస్తే 175 రోజులు. అమ్మ ఆరు నెలలు వంచిన నడుము ఎత్తకుండా చుట్టాలి. ఆ అంకె కింద గీత గీసి చాలాసేపు చూశాను.

నాన్న కార్ఖానా నుంచి వచ్చి విన్నాడు. "మరమగ్గం కొనేటప్పుడు మేము రంగు చూడం బిడ్డా. మనం నేసే టవల్ దానిమీద వస్తదా, పాడైతే సామాను ఇక్కడే దొరుకుతదా, గదే చూస్తం" అన్నాడు. నేను ఆదివారమంతా తిరిగి తెలుసుకున్నది ఆయన రెండు మాటల్లో చెప్పాడు.

మేము 55 వేలదే కొన్నాం. అందుకని మ్యాక్‌బుక్ చెడ్డదని నేను అనను. మా బావ రోజంతా వీడియోలు ఎడిట్ చేసి సంపాదిస్తాడు, ఆయనకు అది పెట్టిన ధర తిరిగి ఇచ్చే పనిముట్టు. నాకు మాత్రం దాని మూత మీది ఆపిల్ బొమ్మ కావాలనిపించింది. ఇప్పటికీ కొంచెం అనిపిస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట వస్తే, ధర అడగకముందు మూడు సంగతులు కాగితం మీద రాయండి: దానిమీద చేసే పని ఏది, ఆ పనికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, నాలుగేళ్లు ఎలా నడుస్తుంది. ఆ కాగితం అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి. తర్వాతే దుకాణానికి పోండి.

– పదవ తరగతి విద్యార్థిని, సోలాపూర్