సంగీతము చికిత్స యగునా? - ఒక పరిశీలన

వేసవిలో ఒక తోటలో విడిది చేసి, ఉదయము యోగాసనములు, పగలు దేశదేశముల వాద్యములతో సాధన, సాయంకాలము మూలికా చికిత్స, నాదోపాసన - ఇట్టి శిబిరములు నేడు నగరవాసులను మిక్కిలి ఆకర్షించుచున్నవి. బెంగుళూరున బెళ్ళందూరు పరిసరములలో నివసించు ఆంధ్రులలో కంప్యూటరు ఉద్యోగములు చేయువారు పెక్కురు. నిద్రలేమి, మెడనొప్పి, మనోవ్యాకులత గలవారికి ఇట్టి విడిదిపై మనసు పోవుట సహజము. సంగీతము హాయి గూర్చునన్న మాటను ఎవరును కాదనరు. కాని ‘ఈ రాగము ఈ రోగమును మాన్పును’ అని చెప్పి, అందుకు మన వాగ్గేయకారులను సాక్షులుగ నిలుపునపుడు ఆ సాక్ష్యమును విచారింపవలసి యున్నది.

త్యాగరాజస్వామి బిలహరి రాగమున ‘నా జీవాధార’ కృతిని పాడగా మృతుడు లేచి కూర్చుండెనని గాథ. ఆ కృతి రామునికి చేసిన విన్నపము. గాథ చెప్పినవారు మహిమను భక్తి కంటగట్టిరి. నేటివారు భక్తిని విడిచి రాగమును మాత్రమే ఔషధముగ గ్రహించుచున్నారు. మన పిల్లలు తొలి పాఠములలోనే బిలహరి స్వరజతిని నేర్చుచున్నారు. రాగమునకే ఆ శక్తి గలదన్నచో సంగీతపాఠము చెప్పు ప్రతి గృహమును వైద్యశాల కావలసినది గదా!

ముత్తుస్వామి దీక్షితులు శిష్యుని ఉదరశూల శమించుటకై గురుగ్రహముపై అఠాణా రాగమున ‘బృహస్పతే’ కృతిని రచించిరని మరియొక గాథ. అఠాణా వీరరసోచితమని ప్రసిద్ధి. శాంతిని గోరి ఎన్నుకొనదగిన రాగము గాదు. కావున ఇందును ప్రధానము గ్రహస్తుతియే గాని రాగ నిర్ణయము గాదు. ఈ రెండు గాథలనుండి రాగములకు రోగములకు పట్టిక వ్రాయుట గాథలకును న్యాయము గాదు, వైద్యమునకును న్యాయము గాదు.

72 మేళకర్తలు శరీరమందలి 72 నాడులకు సంబంధించినవను వాదము కూడ వినవచ్చుచున్నది. వేంకటమఖి 17వ శతాబ్దిలో చెప్పిన ఈ సంఖ్య కేవలము గణితమువలన వచ్చినది. పూర్వాంగమున రిషభ గాంధారముల కూర్పులు 6, ఉత్తరాంగమున ధైవత నిషాదముల కూర్పులు 6, మధ్యమములు 2. వీనిని గుణించిన 72. యోగగ్రంథములు చెప్పు నాడులా, 72,000! సంఖ్యాసామ్యము కార్యకారణ సంబంధము కానేరదు.

త్యాగరాజస్వామియే ‘రాగ సుధారస’ కృతిలో నాదపానమువలన గలుగు ఫలములను చెప్పిరి. యాగ, యోగ, త్యాగ, భోగముల ఫలము లభించుననిరే గాని రోగనివృత్తిని ఆ వరుసలో చేర్చలేదు. ఆ ఉపదేశము మనసునకు చేసినది, దేహమునకు గాదు.

సంగీతమును చికిత్సను సమన్వయించిన నిజమైన ఉదాహరణ మొకటి బెంగుళూరునకు దాపుననే జాడ చూపుచున్నది. కోలారు జిల్లా బెళ్ళూరున 1918లో జన్మించిన బి.కె.ఎస్. అయ్యంగారు 1952లో బొంబాయిలో ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్‌కు యోగము నేర్పిరి. 1954లో మెనూహిన్ ఆయనను స్విట్జర్లాండునకు పిలిపించుకొని, తన ఉత్తమ వయొలిన్ గురువని చెక్కించిన గడియారము నిచ్చెను. 1966లో వెలువడిన అయ్యంగారి యోగగ్రంథమునకు పీఠిక వ్రాసినదియు ఆయనయే. ఇచట గమనింపదగినది: సంగీతము రోగిని బాగుచేయలేదు, శ్రమకు లోనైన వాద్యకారుని దేహమును ఆసనములు సరిచేసినవి. ప్రతిజ్ఞ చిన్నది, ఫలము ప్రత్యక్షము.

ఆధునిక పరిశోధనయు ఇట్టి మితమైన మాటనే చెప్పుచున్నది. శస్త్రచికిత్సకు ముందు సంగీతము వినిన రోగులలో ఆందోళన తగ్గవచ్చునని 2013 నాటి కాక్రేన్ సమీక్ష తెలిపెను. మానసికమైన క్రుంగుబాటునకు సాధారణ చికిత్సతో సంగీత చికిత్సను జోడించినచో స్వల్పకాలమున మేలు కలుగునని 2017 నాటి సమీక్ష. ‘జోడించినచో’ అను పదమే ఇందు కీలకము. మందు మానుకొని రాగమును నమ్ముకొనుమని ఆ సమీక్ష చెప్పలేదు. మధుమేహమునకో, గుండెజబ్బునకో ఔషధము విడిచి విడిదికి పోవువాడు పోగొట్టుకొనునది రుసుము మాత్రమే గాదు, కాలము కూడ. కొన్ని రోగములలో కాలమే ప్రాణము.

బెళ్ళందూరు చెరువును చూడుడు. అది నురుగులు గ్రక్కెను; 2017, 2018 సంవత్సరములలో మంటలకు గూడ లోనయ్యెను. ఆ వ్యాధికి నిదానము మురుగునీరు. గట్టున ఎంత శ్రావ్యముగ పాడినను మురుగు ఆగదు. అట్లని గట్టున పాడరాదని ఎవరందురు? పాటకు తన పని తనకు గలదు. విడిదికి పోవువారు పోవుదురు గాక, పాడుదురు గాక, హాయి నొందుదురు గాక! మందుచీటిని మాత్రము వెంట తీసికొని పోవలయును. సంగీతమును వైద్యునిగ నిలిపి దానిచే బొంకించుట సంగీతమునకే అపచారమని నా మనవి. విజ్ఞులు విచారింతురు గాక.