మంద కట్టిన చేను

నందిగామ చెంత మునియేటి యొడ్డునను, జగ్గయ్యపేట వైపున పాలేటి దరినిగల యిసుక నేలలు నీటిని నిలుపజాలవు. వేసిన యెరువు బలముకూడ నీటితోనే క్రిందికి జాఱిపోవును. కోతలైన పిదప రాత్రివేళ మంద కట్టి, దినదినమును చోటు మార్చుచు, చేనంతటను గొఱ్ఱెల పెంటికలును మూత్రమును పడునట్లు చేసి, ఆ సారము ఎండకు హరింపక మునుపే రైతుచేత కలియదున్నించు గొఱ్ఱెలకాపరి నేర్పు నాకు మిక్కిలి పూజ్యము. వేసవిలో చెఱువు ఒండ్రు తోలుటయు, తొలకరిని జనుము చల్లి పూతనాటికి దున్నివేయుటయు దీనికి తోడు. ఇక గోతియెరువు మాట: బాగుగా మాగినది గుప్పిటబట్టిన నల్లగా, చల్లగా, దుర్గంధము లేక పొడిపొడిగా నుండును. ఇసుకలో ఆ యెరువు త్వరగా కరగిపోవును గావున ఏటేట వేయవలసినదే. పెరడుగల సోదరులారా, ఇట్టి యెరువునకై రాలిన యాకును తగులబెట్టకుడు; గోతిలో పేడనీటితో మాగవేయుడు.