‘హైపర్-రియాలిటీ’ లఘుచిత్రంలో వర్ధిత వాస్తవికత: ఒక పరిశీలన

ఆగ్మెంటెడ్ రియాలిటీకి తెలుగులో పారిభాషిక పదం ఇంకా స్థిరపడలేదు. ‘అధివాస్తవికత’ సర్రియలిజానికి ఏనాడో రూఢమైపోయింది కనుక దీనిని ‘వర్ధిత వాస్తవికత’ అనడం సమంజసం. 1997 నాటి తన సమీక్షా వ్యాసంలో రోనాల్డ్ అజుమా దీనికి మూడు లక్షణాలు నిర్దేశించారు: వాస్తవ, కల్పిత దృశ్యాలు కలిసి ఉండటం, తక్షణమే స్పందించడం, కల్పిత వస్తువు త్రిమితీయ స్థలంలో కుదురుగా నిలవడం. ఇవి వ్యవస్థను గురించిన లక్షణాలే తప్ప చూసే మనిషిని గురించినవి కావు. ఆ లోటును కథావస్తువుగా స్వీకరించిన రచన, కెయిచి మత్సుదా 2016లో విడుదల చేసిన ‘హైపర్-రియాలిటీ’.

కొలంబియాలోని మెడెయిన్ నగరంలో జూలియానా అనే స్త్రీ ఇతరుల చిల్లర పనులు చేసిపెడుతూ బతుకుతుంది. ప్రేక్షకుడు చిత్రాన్నంతా ఆమె కళ్లతోనే చూస్తాడు. బస్సులో, సూపర్ మార్కెట్‌లో, వీధిలో కంటికి ఖాళీ దొరకనంతగా ప్రకటనలు, పాయింట్లు, ఆటలు ముసిరి ఉంటాయి.

ఇక్కడ తెలుగు పాఠకుడికి అద్వైతులు చెప్పే రజ్జుసర్ప దృష్టాంతం స్ఫురించడం సహజం. అయితే పోలిక సగం దూరమే వస్తుంది. దీపం తెస్తే తాడు మీది పాము పోతుంది. వర్ధిత వాస్తవికతలో పాము లేదని తెలిసినా అది పోదు, పైగా మనిషిని నడిపిస్తుంది. 2016 జూలైలో పోకెమాన్ గో ఆడినవారిలో ఆ జీవులు నిజమని నమ్మినవారు ఎవరు? అయినా వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ స్మారక మ్యూజియం తమ ఆవరణలో ఆ ఆట ఆడవద్దని సందర్శకులను కోరవలసి వచ్చింది. సమస్య భ్రాంతి కాదు. స్థలం మీద అధికారం.

మత్సుదా ఈ సంగతిని ఒక్క దృశ్యంలో పట్టుకున్నారు. సూపర్ మార్కెట్‌లో జూలియానా పరికరం తిరిగి ప్రారంభమవుతున్నప్పుడు రంగుల పొర తొలగుతుంది. కింద బయటపడేది సహజమైన అంగడి కాదు, యంత్రం గుర్తుపట్టడానికి అనువుగా మలచిన వెలవెలబోయిన గోడలూ అరలూ. అంటే తాడును కూడా పాము కోసమే పేనారు. చిత్రం మొత్తంలో అత్యంత భయంకరమైన క్షణం ఇదే, పైగా అత్యంత నిశ్శబ్దమైనది కూడా.

ఆ నిశ్శబ్దాన్ని దర్శకుడు పూర్తిగా నమ్మకపోవడమే రచనలోని లోపం. మిగిలిన చిత్రమంతా రణగొణ ధ్వని కావడంతో ప్రేక్షకుడు సులభంగా దూరం జరిగి, ‘మన బతుకు ఇలా లేదు’ అనుకోగలడు. నిత్యజీవితంలోకి ఈ సాంకేతికత వచ్చిన దారి వేరు. 2019 నాటికి గూగుల్ అనువాద కెమెరా తెలుగుతో సహా వందకు పైగా భాషలలోకి బోర్డులను మార్చి చూపసాగింది. గల్ఫ్‌లోని తెలుగు కార్మికుడు ఫోను ఎత్తితే అరబ్బీ అక్షరాలు చెరిగి, అదే చోట తెలుగు అక్షరాలు నిలుస్తాయి. అది ఉపకారమే. కానీ అనువాదం తప్పినప్పుడు ఆ తప్పూ అంతే కుదురుగా బోర్డు మీద నిలుస్తుంది. అరబ్బీ రానివాడికి పోల్చి చూసుకునే దీపం లేదు. చిత్రంలో జూలియానాకు కనీసం పరికరం ఆగిపోయిన ఆ కొద్ది క్షణాలైనా దక్కాయి.