నేల ఆగాక కొండకెక్కిన మనిషి

1185లో జపాన్‌లోని క్యోటోను కూల్చిన భూకంపాన్ని కమో నో చోమే కళ్లారా చూశాడు. 1212లో, బౌద్ధ సన్యాసిగా పది అడుగుల గుడిసెలో ఒంటరిగా ఉంటూ, దాన్ని 'హోజోకి' అనే చిన్న పుస్తకంలో రాశాడు. దీన్ని అనిత్యత పాఠంగా చదవడం పరిపాటి. నన్ను పట్టి ఆపింది మాత్రం వేరే.

అగ్నిప్రమాదం, సుడిగాలి, రాజధాని తరలింపు, కరువు, వాటి తర్వాత భూకంపం. ఇంట్లో ఉంటే నలిగిపోతారు, బయటికి పరుగెత్తితే నేల చీలుతుంది. తొలి రోజుల్లో రోజుకు ఇరవై ముప్పైసార్లు కంపించింది, తర్వాత నాలుగైదు సార్లు, ఆపైన రోజు విడిచి రోజు, అలా మూడు నెలలు. ప్రతి కుదుపునూ లెక్కపెట్టుకుంటూ బతికినవాడే ఇలా రాయగలడు.

కొన్ని ప్రతుల్లో మాత్రమే ఉన్న ఘట్టం ఒకటి. గోడ కింద బొమ్మరిల్లు కట్టుకుంటున్న ఆరేడేళ్ల పిల్లవాడు అక్కడే నలిగిపోతాడు. తండ్రి యోధుడు. సిగ్గు విడిచి ఏడుస్తాడు. అది సహజమేనంటాడు చోమే. ఆ బిడ్డ పూర్వజన్మ పాపం ఊసెత్తడు. 1934 బీహార్ భూకంపాన్ని అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీ. ఠాగూర్ ఖండించాల్సి వచ్చింది. అంతకు ఏడు శతాబ్దాల ముందే ఈ సన్యాసి అలాంటి మాట నోట రానివ్వలేదు.

మొదట్లో జనమంతా లోకం నిస్సారమని చెప్పుకున్నారట. ఏళ్లు గడిచేసరికి ఎవరి నోటా ఆ మాట లేదు. పుస్తకంలో అన్నిటికన్నా పదునైన పరిశీలన ఇదే. కానీ ఇంత చూసినవాడు చివరికి వెళ్లింది కొండకు. నా పేచీ ఇక్కడే. భిక్షువు పరిపూర్ణ మానవుడా, సమాజ సేవకుడా అని 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' ముందుమాటలో బాబాసాహెబ్ అడిగారు. పరిపూర్ణుడు మాత్రమే అయితే అతడు స్వార్థపరుడేనన్నారు. చోమే పుస్తకంలోనే మరో భిక్షువు ఉన్నాడు. కరువు రోజుల్లో నిన్నాజి ఆరామం నుంచి వచ్చి, వీధుల్లోని శవాల నుదుట మన దేశం నుంచి వెళ్లిన 'అ' అక్షరం రాస్తూ తిరిగాడు. రెండు నెలల్లో లెక్క 42,300 దాటింది. చచ్చినవాళ్లకు చేసిన సేవేగా అనొచ్చు. అయినా ఆయన వీధిలో ఉన్నాడు.

చోమే నిజాయితీపరుడు. ఈ గుడిసె మీద ప్రేమ కూడా బంధమే కదా అని చివర్లో తన్ను తాను నిలదీసుకుంటాడు. మనసు బదులివ్వదు. రెండు మూడుసార్లు బుద్ధుని నామం పలికి ఊరుకుంటాడు. దాన్ని వినయమనేవాళ్లున్నారు. నాకది జవాబు లేని మనిషి మౌనంలాగే వినిపించింది.