మూట్ పాయింటు, మూలపేట పోర్టు

ఇంగ్లీషు వార్తలో ‘మూట్’ అనే విశేషణం కనిపిస్తే నేను వెంటనే తెలుగు చెయ్యను. ముందు ఆ వార్త ఎక్కడిదో చూస్తాను. లండన్, ఢిల్లీలదైతే చాలావరకు ‘ఇంకా తేలనిది, వాదించదగ్గది’ అని. అమెరికాదైతే ‘ఇక తేల్చినా ప్రయోజనం లేనిది’ అని. పాత ఇంగ్లీషులో జనం కూడి తగువులు విచారించే సభకి ఆ పేరు. లా కాలేజీ పిల్లలు ఉత్తుత్తి కేసు మీద వాదించే మూట్ కోర్టు పేరూ అక్కడిదే. ఆ ఉత్తుత్తి వ్యవహారం నుంచే రెండో అర్థం అంటుకుంది. మన కోర్టులు ఆ రెండో దానికి ‘ఇన్‌ఫ్రక్చువస్’ అని వేరే మాట వాడతాయి. అడిగిన పని ఈలోగా జరిగిపోతే పిటిషన్‌ని ఆ మాటతో మూసేస్తారు.

రెండు అర్థాలూ ఒకేచోట చూడాలంటే మా సంతబొమ్మాళి మండలం భావనపాడు రావాలి. ఏళ్ల తరబడి కాగితాల మీద అది భావనపాడు పోర్టు. “ఊరుంతాదా, లేపేత్తారా బాబూ?” వేటకెళ్లే మనిషి అడిగేది ఇదే. ఇది మొదటి రకం మూట్. తర్వాత స్థలం జరిగింది, పేరూ మారింది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది మూలపేట పోర్టుకి. దాంతో భావనపాడు ప్రశ్న రెండో రకంలోకి దిగింది. మూలపేట, విష్ణుచక్రం వాళ్లకి మాత్రం అదే ప్రశ్న కొత్తగా మొదలైంది. వాళ్ల పునరావాస కాలనీ నౌపడలో.

తెలుగు డెస్కులో ఇలాంటి వాటన్నిటికీ ఒకటే అచ్చు: ‘చర్చనీయాంశంగా మారింది’. ఆ వాక్యం చూస్తే నాకు ఒళ్లు మంట. చర్చిస్తున్నదెవరు? కాదంటున్నదెవరు? ‘వివాదాస్పద’ కూడా దాని తోబుట్టువే. కాకరాపల్లి థర్మల్ ప్లాంటు సంగతే తీసుకోండి. ‘వివాదాస్పద భూములు’ అంటే పాఠకుడికి సర్వే నంబర్ల గొడవేమో అనిపిస్తుంది. అసలు తగువు తంపర గురించి. వానలకి నీరు నిలిచి, చేపలు పెరిగి, పశువులకి గడ్డి దొరికే నేలని మా వైపు తంపర అంటారు. సోంపేట వైపు వెళ్తే బీల. తేలినీలాపురానికి వలస వచ్చే పెలికాన్లకీ ఈ చిత్తడే మేత. ‘తంపర పోతుందని ఊళ్లంటున్నాయి, ప్లాంటు కట్టొచ్చని ప్రాజెక్టు వాళ్లంటున్నారు’ అని రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ తగువులోనే 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. అలాంటి చోట ‘వివాదాస్పద’ అని సరిపెట్టడం బద్ధకం కాదు, తప్పించుకోవడం.

కొత్తగా విలేకరి పనిలోకి వచ్చినవాళ్లకి నా మాట ఇది. ఆ విశేషణం రాసే ముందు కాదంటున్నవాళ్లెవరో, దేన్ని కాదంటున్నారో రాయండి. రాశాక విశేషణం ఇంకా అవసరమనిపిస్తే ఉంచండి, చాలాసార్లు అనిపించదు. ఇంగ్లీషులో రాసేవాళ్లయితే మూట్ జోలికే పోకండి. ఏ అర్థంలో వాడారో చెప్పడానికి ఎలాగూ ఇంకో వాక్యం రాయాల్సి వస్తుంది.