చెట్టు కిందికే పోవాలె

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు తాటిచెట్టూ ఈతచెట్టూ కొత్త కాదు. ఎండాకాలం వస్తే ముంజలు గంపల్లో దిగుతాయి. ఈతాకు చీపుర్లు ఏడాది పొడుగునా ఉంటాయి. మార్కెట్‌కు నడిచిపోయేంత దూరంలో ఉజ్జయినీ మహంకాళి గుడి. లష్కర్ బోనాలకు ఆ తల్లికి కల్లు శాక పోస్తారు. ఇన్ని వచ్చినా ఆ చెట్ల అసలు సరుకు మాత్రం ఈ మార్కెట్‌కు రాదు. కల్లుకు ప్రయాణం పడదు. అందుకే కల్లు రుచి తెలియాలంటే బండి ఎక్కి చెట్టు దగ్గరికే పోవాలి.

తయారయ్యే చోటికే పోయి రుచి చూసే ఈ పద్ధతి లోకానికి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో 1993 నుంచి ‘ఫ్రాన్స్ పాషన్’ అనే ఏర్పాటు నడుస్తోంది. ద్రాక్షతోటల వాళ్లు, రైతులు తమ ఆవరణలో క్యాంపర్ వ్యాన్‌ను ఒక రాత్రి ఉచితంగా నిలుపుకోనిస్తారు. వచ్చినవాళ్లు తోట చూస్తారు, వైన్ రుచి చూస్తారు, నచ్చితే రెండు సీసాలు కొంటారు. మనకు దగ్గరలో నాసిక్ తోటల్లో ఇలాంటి పర్యాటకం పెరిగింది. హైదరాబాద్ చుట్టూ కూడా ఒకప్పుడు ద్రాక్ష తోటలు బాగా ఉండేవి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరొచ్చింది ఈ నేల మీదే. అయితే అది తినే పండు. ఈ గడ్డ మీద పల్లెపల్లెకూ ఉన్న సారా కాని మత్తు పానీయం అంటే కల్లే. మన వైన్ తోటలంటే ఊరవతల తాటివనాలు, ఈతవనాలే.

మోండాలో ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, పుట్నాలు కొనుక్కుని, తార్నాక, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుంటే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, జనగామ వరసగా వస్తాయి. నగరం పలచబడేకొద్దీ పొలం గట్ల మీద తాటిచెట్లు కనబడతాయి. వ్యాన్ ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక పెద్ద సౌకర్యం ఉంది. రాత్రి ఊరి దగ్గరే పడుకుని తెల్లారకముందే చెట్టు కింద ఉండొచ్చు. కల్లుకు ఆ వేళే ముఖ్యం.

గీత పని దగ్గర నిలబడి చూడాల్సిందే. కల్లు గీసే గౌడన్న నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు, చెట్టునూ తననూ చుట్టిన మోకు, పాదాలకు తాడు బంధం. మోకును ఒక మూర పైకి ఎగదోసి, దాని మీద వెనక్కి వాలి, కాళ్లు దగ్గరికి లాక్కుంటాడు. మళ్లీ మోకు, మళ్లీ కాళ్లు. చూస్తుండగానే మట్టల్లోకి చేరతాడు. రాత్రంతా నిండిన కల్లు కుండను, అంటే లొట్టిని, దింపుతాడు. తర్వాత అసలు పని. కత్తితో గెల కొసను ఒక్క పొర తీస్తాడు. పొర మందమైతే గెల త్వరగా అయిపోతుంది. మరీ పలచనైతే పాత కోత మూసుకుని ధార ఆగుతుంది. ఆ కొలత చెయ్యికే తెలియాలి. కొత్త కోత నుంచి చుక్క రాలడం మొదలవగానే లొట్టిని మళ్లీ కట్టి, పక్క గెలకు జరుగుతాడు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. ఒక్క పూట ఎక్కకపోతే కోత ఎండిపోతుంది. అందుకే ఈ వృత్తికి పండుగ లేదు, జ్వరం లేదు.

తాటిలో మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పండుతాడు. పూత పడేదాకా ఏది ఏదో చెప్పలేం. దానికే పన్నెండు పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పోతుతాడు గెలలను కత్తి పెట్టేముందే మెల్లగా నలిపి, కలిపి కడతారు. రసం కొసకు దిగాలంటే ఈ సాధన కావాలి. ఈతచెట్టు తీరు వేరు. దానికి గెల గీయరు. మొవ్వు కింద ఒక పక్క మట్టలు నరికి, మెత్తటి కాండాన్ని చెక్కి, ఆకు మలిచి ధారను లొట్టిలోకి మళ్లిస్తారు. వరసగా గీసి, కొన్నాళ్లు చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. ఈ ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు రెండో పక్క. పాత ఈతచెట్టు ఒంటి మీద మెట్లలా కనబడే గంట్లు లెక్కపెడితే, అది ఎన్ని కాలాలు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. ఈతకల్లు చలికాలానిది, పండుతాడు కల్లు ఎండాకాలానిది. ఏ నెలలో బయల్దేరామన్నదాన్ని బట్టి తాటాకు రేకలో పడే కల్లు మారుతుంది.

గెల నుంచి కారేటప్పుడు అది కల్లు కాదు, తీయటి రసం. చల్లటి పూట, సున్నం పూసిన శుభ్రమైన కుండలో పట్టి చల్లగా ఉంచితే నీరాగా నిలుస్తుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ అమ్మేది దాన్నే. మామూలు లొట్టిలోనైతే పాత కల్లు తడిలోని ఈస్టు, బాక్టీరియా రసం పడ్డ క్షణం నుంచే పనికి దిగుతాయి. చక్కెర ఆల్కహాలుగా మారుతుంది, నురగ పొంగుతుంది. ఎండెక్కేకొద్దీ పులుపు పెరుగుతుంది. మరునాటికి వెనిగర్ దారి పడుతుంది. “పొద్దుగాల దింపింది పొద్దుగాలనే తాగాలె సారూ, ఎండెక్కినంక పులుస్తది” అని చెట్టు కింద ఎవరైనా చెప్పే మాటలో ఈ రసాయన శాస్త్రమంతా ఉంది. కొన్ని రకాల వైన్‌కు ఏళ్ల తరబడి ముదిరితే విలువ పెరుగుతుంది. కల్లు ఆయుష్షు ఒక్క పూట.

నగరపు కష్టం కూడా ఇక్కడే మొదలైంది. తగినన్ని చెట్లు లేని చోట, ఎక్కే గౌడు లేని చోట రోజూ పీపాల కొద్దీ కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్ కల్లు దుకాణాలు 2004లో మూతపడి, తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మందులు కలిపిన కల్లు ప్రాణాల మీదికి తెచ్చింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ పాపం చెట్టుదీ కాదు, కత్తి పట్టినవాడిదీ కాదు. చెట్టు ఇవ్వగలిగినదానికి మించి అమ్మాలన్న ఆశది.

కత్తి పట్టినవాడి చరిత్ర చిన్నది కాదు. జనగామ దాటాక, రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కట్టించిన కోట ఇంకా నిలిచి ఉంది. గీత కులంలో పుట్టి, 1708లో వరంగల్ మీద దాడి చేసి, మొగల్ అధికారులకు నిద్ర లేకుండా చేసినవాడు. ఈ దారిన పోయే బండి అక్కడ ఆగకపోతే యాత్ర సగమే. గీత కార్మికులు మొక్కే దేవుడు కాటమయ్య. చెట్టు మీది నుంచి పడి నడుములు విరిగిన వాళ్లు, మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు చాలా ఊళ్లలో కనబడతారు. ఆ దేవుడి పేరుతోనే 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. మోకు చేజారినా మనిషి కిందపడకుండా ఆపడం వాటి పని. ప్రతి గౌడు ఇంటికీ ఆ కిట్ చేరాలి.

బయల్దేరేవాళ్లకు నాలుగు మాటలు. వనంలో బండి నిలిపేముందు ఊరివాళ్లను అడగండి. లైసెన్సున్న గీత కార్మికుడి దగ్గర, మీ కళ్లముందు దింపిందే కొనండి. తాటిరేకలో పోయించుకుంటే ప్లాస్టిక్ గ్లాసు అక్కర్లేదు. అడిగిన ధర ఇవ్వండి, గెల మీద పెట్టిన కత్తికి బేరం ఆడకండి. తాగినవాళ్లు స్టీరింగు ముట్టొద్దు. పడక బండిలోనే ఉంది కాబట్టి పడుకుని మర్నాడు కదలండి. ఇంటికి సీసాలో పట్టుకుపోదామనే ఆలోచన మానండి. తాగగలిగినంతే తాగి, మిగిలింది ఆ ఊళ్లోనే వదిలేసి రండి.