రోట్లో వెల్లుల్లి, సీసాలో వెల్లుల్లి

వెల్లుల్లి కారం నేను రోట్లోనే దంచుతాను. ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు ముందు మెత్తగా నలగాలి. వెల్లుల్లి రేకలు ఆఖరున, కాస్త పొట్టు ఉండగానే వేసి కచ్చాపచ్చాగా దంచాలి. రేక గట్టిగా ఉన్నంతసేపూ వాసన పెద్దగా రాదు. రోకలి దెబ్బ పడిందో లేదో, ఘాటు వంటింటి గడప దాటుతుంది. పొడిపొడిగా ఉన్న కారం తడి తగిలి ముద్దకు వస్తుంది.

ఆ ఘాటులోనే ఉంది అసలు సంగతి. రేకలో అల్లీన్ అనే పదార్థమూ, అల్లినేజ్ అనే ఎంజైమూ విడివిడిగా ఉంటాయి. నలిగినప్పుడే రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. దాన్ని వేరుచేసి, బ్యాక్టీరియాను అడ్డుకుంటుందని 1944లో చూపినవారు అమెరికా శాస్త్రవేత్తలు చెస్టర్ కావల్లిటో, జాన్ బెయిలీ. రేకను నలపకుండా కాగిన నూనెలో వేస్తే ఎంజైము వేడికి చెడిపోతుంది. అందుకే చారు తాలింపుకైనా సరే, చితక్కొట్టి పది నిమిషాలు పక్కన ఉంచాకే వేస్తాను.

ఇమ్యూనిటీ పేరుతో అమ్మే వెల్లుల్లి క్యాప్సూళ్ల సంగతి వేరు. జలుబు విషయంలో, వైద్య అధ్యయనాలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్షకు పనికొచ్చిన అధ్యయనం ఒక్కటే దొరికింది. అందులో 146 మంది. పన్నెండు వారాల్లో క్యాప్సూళ్లు వేసుకున్నవారికి 24 సార్లు, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికి 65 సార్లు జలుబు చేసింది. తేడా పెద్దదే, కాదనను. కానీ జలుబు చేసిందని రాసుకున్నది వాళ్లే. చేశాక తగ్గడానికి మాత్రం రెండు గుంపులవారికీ ఇంచుమించు అన్నే రోజులు పట్టింది. ఈ ఒక్కదాన్ని నమ్ముకుని నెలనెలా సీసా కొనమని ఎవరికీ చెప్పలేను. వెల్లుల్లి కరోనా నుంచి కాపాడుతుందనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

బాలింతకు మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో పెట్టే ఇళ్లు మనకు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ముద్ద మీద నాకు ఎంతో గౌరవం. అది అన్నం, అందులో నెయ్యి, పక్కన కూర్చుని తినిపించే మనిషి. సీసాలో అవేవీ రావు.

వెల్లుల్లి రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందులు వాడుతున్నవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు క్యాప్సూళ్లు వేసుకుంటుంటే ఆ మాట దాచకండి. మందుల చీటీతో పాటు ఆ సీసానూ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.